మూడు తాళాల గుట్టు

తాళాలాయన నమ్మే మనిషి లోకంలో ఒక్కడే ఉన్నాడు. ఆ మనిషిని రోజూ పొద్దున గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో చూసుకుంటాడు.

ముప్పై ఏళ్ళుగా జనం బీరువాలూ ఇనప్పెట్టెలూ తెరిచిపెట్టడం ఆయన వృత్తి. తాళంచెవిని పూలకుండీ కింద పెట్టే ప్రొఫెసర్లు, నంబరు తాళానికి సొంత పుట్టినరోజు పెట్టుకునే లాయర్లు... ఎవరికెంత బుర్ర ఉందో ఆయనకి తెలిసినంతగా వాళ్ళ పెళ్ళాలకి కూడా తెలియదు. వాళ్ళ కథలు చెప్పుకుని నవ్వడం ఆయనకి మంచి కాలక్షేపం.

అలాంటి మనిషి క్రిప్టో కరెన్సీ కొన్నాడంటే ఆ పుణ్యం బామ్మర్దిది. కంప్యూటర్లు బాగుచేసే ఆ బామ్మర్ది మాట విని, ఆరేళ్ళుగా కొంచెం కొంచెం కొని దాచాడు. అదృష్టం బాగుండి అది పెరిగింది. ఇప్పుడు షాపు గది యజమాని గది అమ్మకానికి పెట్టాడు. కొనుక్కుంటే గది ఆయనది, లేదంటే మూడు నెలల్లో ముప్పై ఏళ్ళ షాపు ఎత్తెయ్యాలి. కొనడానికి ఆ క్రిప్టో సరిగ్గా సరిపోతుంది.

అప్పటిదాకా దాన్ని ఫోన్‌లో ఉంచొద్దనీ, హార్డ్‌వేర్ వాలెట్ కొనుక్కోమనీ బామ్మర్ది చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. పెన్‌డ్రైవంత పరికరం అది. దానికి తాళంచెవిలాగా ఇరవైనాలుగు ఇంగ్లీషు మాటలుంటాయి. పరికరం ఏ కాలవలో పడిపోయినా ఆ మాటలుంటే డబ్బు తిరిగొస్తుంది. ఆ మాటలు ఇంకొకడికి తెలిశాయా, వాడు ప్రపంచంలో ఏ మూల కూర్చునైనా మొత్తం ఊడ్చుకుపోవచ్చు.

"తయారుచేసే కంపెనీ దగ్గరే కొను బావా. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు నేను పక్కనుంటా" అన్నాడు బామ్మర్ది.

పక్కనుంటాడట! ఎందుకుంటాడో తాళాలాయనకి తెలియదా? పక్కనుంటే ఇరవైనాలుగు మాటలూ కంటపడవా? మనసులో బామ్మర్ది పేరు కింద ఎర్రగీత గీసుకుని, పైకి నవ్వి ఊరుకున్నాడు.

కంపెనీ ధర చూస్తే కళ్ళు తిరిగాయి. అదే పరికరాన్ని ఇంటర్నెట్‌లో ఇంకెవరో సగం ధరకి ఇస్తుంటే తెప్పించాడు. అలాగని గుడ్డిగా తీసుకున్నాడనుకోకండి. పెట్టెకి వేసిన సీలుని భూతద్దంతో పావుగంట పరీక్షించాడు. తాళాల వృత్తిలో తల పండినవాడు కదా, ఎక్కడా పిసరంత లోపం కనబడలేదు.

ఆదివారం మధ్యాహ్నం భార్యని వాళ్ళక్క ఇంటికి సాగనంపాడు. తలుపు గడియ పెట్టాడు, కిటికీలు మూశాడు, గోడ మీద క్యాలెండర్‌ని కూడా అటు తిప్పాడు, దాని మీద ఎవరిదో బొమ్మ ఉందని. తర్వాత పెట్టెలోని సూచనల్లో చెప్పినవి చెప్పినట్టు మీటలు నొక్కి, క్రిప్టో మొత్తం పరికరంలోకి మార్చాడు. తాళంచెవుల మీద నంబర్లు కొట్టే ఉలి, సుత్తి తీసుకుని ఇరవైనాలుగు మాటల్నీ అక్షరం అక్షరం ఇత్తడి రేకు మీదికి దించాడు. కాగితాన్ని కాల్చి, బూడిద నీళ్ళలో కలిపి పారబోశాడు. ఇత్తడి రేకు వెళ్ళి షాపులోని మూడు తాళాల ఇనప్పెట్టెలో కూర్చుంది. మూడు తాళంచెవులూ మూడు చోట్ల దాచాడు. మూడోది ఎక్కడుందో అప్పుడప్పుడు ఆయనకే గుర్తుండదు.

ఒకరోజు అన్నం వడ్డిస్తూ భార్య అడిగింది. "ఏమండీ, రేపు మీకేదైనా అయితే అది మేమెలా తియ్యాలి?"

తాళాలాయన ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగింది. ఆ ప్రశ్నని తేదీతో సహా గుర్తుపెట్టుకున్నాడు. అంతా సరిగ్గా పెట్టుకున్నావా, ఓసారి వచ్చి చూడనా అని బామ్మర్ది ఫోన్ చేస్తే, తాళాల సంగతి నాకే నేర్పుతావా అని టక్కున పెట్టేశాడు.

ఇరవయ్యో రోజున, గది యజమానికి బయానా ఇద్దామని పరికరాన్ని కంప్యూటర్‌కి తగిలించాడు.

సున్నా.

మూడుసార్లు తీసి తగిలించాడు. మూడుసార్లూ సున్నాయే. పరుగున వెళ్ళి ఇనప్పెట్టె చూశాడు. ఒక్క గీత లేదు. రేకు పెట్టింది పెట్టినట్టే ఉంది. నేల మీద కూలబడ్డాడు, ఆ గదిలో కూర్చోవడానికి ఇంకెన్నాళ్ళుందో లెక్క వేసుకుంటూ.

కానీ ముప్పై ఏళ్ళ అనుభవం ఊరికే పోతుందా? తాళం చెక్కుచెదరకుండా సొమ్ము పోయిందంటే తాళంచెవి ఇంకొకడి దగ్గరున్నట్టే. ఆ ఇంకొకడెవరో కూడా ఆయనకి అప్పుడే తెలిసిపోయింది. అక్కాతమ్ముళ్ళు కలిసి ముంచేశారు!

ఇంటికెళ్ళి భార్య మీద ఒంటికాలి మీద లేచాడు.

"ముప్పై ఏళ్ళలో మీ పర్సు కూడా తెరిచి చూడలేదు నేను" అని మాత్రం అని, ఆవిడ సంచిలో బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టింది.

మర్నాడు తాళాలాయన సైబర్ పోలీస్ స్టేషన్‌లో ఇద్దరి పేర్లూ రాసిచ్చాడు. ఇన్‌స్పెక్టరమ్మ ఇద్దర్నీ పిలిపించి ఎదురుగా బల్ల మీద కూర్చోబెట్టింది. భార్య కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. బామ్మర్ది తలెత్తలేదు. తాళాలాయన తన జాగ్రత్తలన్నీ క్యాలెండర్‌తో సహా పూసగుచ్చినట్టు వినిపించాడు.

ఇన్‌స్పెక్టరమ్మ ఓపిగ్గా అంతా రాసుకుంది.

"మొదటిసారి ఆన్ చేయగానే ఆ మాటలు పరికరం తెర మీద ఒక్కొక్కటే వచ్చుంటాయి కదా. మీరు చూసి రాసుకుంటున్నప్పుడు ఆ చుట్టుపక్కల ఇంకెవరైనా ఉన్నారా?"

తాళాలాయన జాలిగా నవ్వాడు. పాపం, చదువుకున్నదే గానీ తాళాల సంగతి ఏం తెలుసు!

"తెర మీద రావడమేంటి మేడమ్, కొత్త తాళంతో తాళంచెవి వచ్చినట్టు, ఆ ఇరవైనాలుగు మాటలూ చక్కగా కాగితం మీద అచ్చేసి పెట్టెలోనే పెట్టి పంపించారు."