దారిలో గుర్రం

"బెల్లు కొట్టాను కదా మావయ్యగారూ!" అంది కోడలు, సైకిలు దిగకుండానే.

"కొట్టావులే. నా వీపు మీదకొచ్చాక కొట్టావు," అన్నారు మామగారు పొదలోంచి లేస్తూ.

కొండ చుట్టూ తిరిగే ఆ మట్టిదారిలో నడిచేవాళ్ళ సంఘానికి ఆయన అధ్యక్షుడు. సైకిళ్ళ సంఘానికి ఆవిడ నాయకురాలు. ఇద్దరూ ఒకే ఇంట్లోంచి బయల్దేరతారు గానీ, దారెక్కాక వాళ్ళ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

ఈలోగా రెండు సంఘాలూ పోగై అరుచుకోసాగాయి. దారి చూసుకునే అధికారి రొప్పుతూ వచ్చాడు. "ఇదే ఆఖరు. ఇంకొక్క గొడవ నా దాకా వచ్చిందంటే గేటు పెట్టి తాళం వేసేస్తాను. నడకా ఉండదు, సైకిలూ ఉండదు."

మామగారికి గుండె జారిపోయింది. రిటైరయ్యాక ఆయన మాట ఎవరైనా వింటున్నారంటే అది ఆ దారి మీదే. అలాగని కోడలి ముందు తగ్గితే పరువేం కావాలి? బింకంగా ప్యాంటు దులుపుకుని ఇంటికొచ్చేశారు.

టిఫిను దగ్గర కూర్చున్నాక భార్యతో అన్నారు: "ఆ ఉప్పు ఇటివ్వమని నీ కోడలికి చెప్పు."

"ఉప్పు ఆయన ముందే ఉందని చెప్పండి అత్తయ్యా."

అత్తగారు బొరిగె పట్టుకుని పెరట్లో గులాబీ మొక్కల దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ ఇంట్లో ఆవిడ మాట వినేవి అవే.

మర్నాడు పొద్దున్నే దారి మలుపులో గుర్రపు లద్దె. మామగారి కొత్త బూటు సరిగ్గా అందులోనే దిగబడింది. వెనకే వచ్చిన కోడలి సైకిలు దాని మీదే జారింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, మొట్టమొదటిసారి ఒకే మాట అన్నారు.

"గుర్రాల వాళ్ళు!"

కొండ వెనక గుర్రపుస్వారీ నేర్పే శాల ఒకటుంది. రెండు సంఘాలూ కలిసి దాని మీదకి వెళ్ళాయి. "మా గుర్రాలు కంచె దాటి ఎరగవండీ," అని యజమాని నెత్తీనోరూ కొట్టుకున్నాడు. ఎవరూ నమ్మలేదు. లద్దె మాత్రం రోజూ పడుతూనే ఉంది, ఒకనాడు మలుపులో, ఒకనాడు వంతెన పక్కన.

"డెక్కల గుర్తులు ఒక్కటీ లేవు మావయ్యగారూ!"

"ఎంత జిత్తులమారి గుర్రమో చూడమ్మా," అన్నారాయన.

ఇక కలిసి పనిచేయక తప్పలేదు. సైకిళ్ళవాళ్ళు ముందు పోయి, లద్దె కనబడితే దూరం నుంచే బెల్లు కొట్టేవారు. బెల్లు వినగానే నడిచేవాళ్ళు పక్కకి ఒదిగి, ఆనక పారలతో ఎత్తి పోసేవారు. కొన్నాళ్ళకి లద్దె లేకపోయినా దూరం నుంచే బెల్లు కొట్టడం వాళ్ళకీ, ఒదగడం వీళ్ళకీ అలవాటైపోయింది. అధికారి గేటు ఊసే మర్చిపోయాడు.

"ఇవాళ వంతెన దగ్గర నువ్వు బెల్లు కొట్టబట్టి బతికిపోయానమ్మా," అన్నారు మామగారు టిఫిను దగ్గర, ఉప్పు అందిస్తూ.

"మీ పారలు లేకపోతే మా టైర్లు కంపు కొట్టిపోయేవి మావయ్యగారూ."

అత్తగారు ఆవలిస్తూ కాఫీ పోశారు.

ఆ ఉషారులో మామగారు చాన్నాళ్ళకి పెరట్లో అడుగుపెట్టారు. గులాబీ మొక్కలు పాలిపోయి, ఒక్క మొగ్గ కూడా లేకుండా నిలబడి ఉన్నాయి. ఆయనకి నిజంగానే బాధేసింది.

"ఏమోయ్, ఈసారి నీ గులాబీలు ఒక్కటీ పూయలేదేం?"

"ఎలా పూస్తాయండీ?" అన్నారు అత్తగారు. "గుర్రాల శాల నుంచి తెప్పించుకున్న ఎరువంతా మీ దారికే సరిపోతోంది."