ఐదో నంబరు బూట్లు

సముద్రం ఒడ్డున ఉన్న ఆ భవంతిలో కింద దుకాణాలు, పైన హోటలు, మధ్య అంతస్తులో బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే బౌలింగ్ హాలు. అక్కడ ఆడేవాళ్లకు బూట్లు అద్దెకిచ్చే పని అతనిది. రాత్రి ఆట మూసేశాక బూట్లు తుడిచి అరల్లో సర్దుతుంటే, ఐదో నంబరు జత లోపల వెచ్చగా తగిలింది.

అతని భార్య పాదాలది అదే కొలత. పై హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేసేది. పని అవగానే వచ్చి, ఖాళీ హాల్లో ఒక్క ఆట ఆడి, అతనితో కలిసి ఇంటికి వెళ్లేది. రెండేళ్ల కిందట ఆమెను సముద్రం తీసుకుపోయింది.

"అక్కా, ఇప్పుడెవరైనా ఆడారా?" అని నేల తుడిచే ఆవిడను అడిగాడు.

"గంట నుంచి నరపురుగు కూడా లేదు తమ్ముడూ. నువ్వూ ఇంటికెళ్లు, ఇంట్లో..." అంటూనే నాలుక కరుచుకుని, ఆవిడ బకెట్టు తీసుకుని వెళ్లిపోయింది.

ఆ జతను అరలో పెట్టడానికి అతనికి చేతులు రాలేదు. పక్కన పెట్టుకుని, తన బూట్లు తొడుక్కోవడానికి బల్ల మీద కూర్చున్నాడు. హాలు చివర బంతి దొర్లిన చప్పుడైంది. పిన్నులు మాత్రం పడలేదు. ఆమెకు ఎప్పుడూ పడేవి కావు. పడనందుకు అతనితోనే పోట్లాడేది.

కాసేపటికి అతని పక్కన బల్ల కుంగింది. ఉప్పునీటి వాసన వచ్చింది. అతని భయమంతా, తల తిప్పితే అక్కడ ఎవరూ ఉండరేమోనని.

"రేపు పడతాయిలే," అన్నాడు నేల చూస్తూ.

బల్ల అలాగే కుంగి ఉంది. లేసు ముడి పడితే ఇక లేవాలి. అతను ముడి విప్పి, మళ్లీ మొదటి నుంచి కట్టసాగాడు.