వేడెక్కితే ఆగిపోయే కారు

ఇంజన్ వేడెక్కాలని మెకానిక్ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అరగంటసేపు ఊరంతా తిప్పాడు. వంతెన దాటగానే కారు ఎప్పటిలాగే ఆగిపోయింది.

అతను బానెట్ ఎత్తి, నా సీసాలోని చన్నీళ్లు ఓ చిన్న సెన్సర్ మీద పోశాడు. తాళం తిప్పగానే స్టార్టయింది.

"ఇదేనమ్మా. వేడెక్కితే పనిచెయ్యదు, పది నిమిషాలు చల్లారితే మామూలే. సార్‌కి పోయినేడే చెప్పాను."

సార్ అంటే మా ఆయన. పోయి నెల దాటింది. నాకింకా ఏడుపు రాలేదు.

"మరి మార్పించలేదేం?"

"వద్దన్నారమ్మా. కారు ఆగితేనే మా ఆవిడ నాతో మాట్లాడుతుందన్నారు."

ఆ పది నిమిషాలూ కారునీ ఆయన్నీ కలిపి తిట్టిపోసేదాన్ని. ఆయన నవ్వేవారు. ఆ నవ్వు చూసే నాకు ఇంకా ఒళ్లు మండేది.