మూడో నెల

“దారి విడు అత్తా, బస్సు పోతాది” అంది ఆదిలక్ష్మి.

లత అత్తగారు చౌడమ్మ కదల్లేదు. గడపకు అడ్డంగా కూర్చుంది. “మూడో నెల్లో ఉండే బిడ్డకు సూది గుచ్చి రగతం తీపిస్తావా? నీ చెల్లెలికేమొచ్చిందే? తింటాండాది, పండుకుంటాండాది.”

“అదే నేను జెప్పేది. పట్టపగలు కూసున్నచోటే తూగుతాండాది. ఎండలో గూడా చలి అంటాండాది. నాకూ అట్లే ఉండె.”

“నువ్వు ఆ మాత్తర్లు మింగి ఏం కన్నావని దీనికీ మప్పుతాండావు?”

ఇంకొకరైతే ఆ మాటకు కొంగులో మొహం దాచుకుని ఏడ్చేవాళ్లు. ఆదిలక్ష్మి ఏడవలేదు. చెల్లెలి చెయ్యి పట్టుకుని పెరటి తలుపు తీసింది. గొర్రెల దొడ్డి దాటుకుని ఇద్దరూ రోడ్డెక్కి, పుంగనూరు నుంచి మదనపల్లెకు పోయే బస్సును చెయ్యెత్తి ఆపారు.

మధ్యాహ్నానికి పరీక్ష కాగితం వచ్చింది. డాక్టరమ్మ దాన్ని రెండుసార్లు చూసింది.

“థైరాయిడ్ బాగా తక్కువగా పనిచేస్తోంది. ఇప్పుడే వచ్చారు, మంచిదైంది. ఈ మొదటి నెలల్లో బిడ్డ మెదడు ఎదగాలంటే తల్లి థైరాయిడే ఆధారం. వదిలేస్తే కడుపు నిలవకపోవచ్చు. నిలిచినా బిడ్డకు తెలివి మందగించొచ్చు. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?”

“నాకుండాది మేడమ్. మూడు కడుపులు పోయినంక తెలిసింది” అంది ఆదిలక్ష్మి. “ఇది మటుకు నిలవాల. ఏం జెయ్యమంటే అది చేపిస్తా.”

“రోజూ పరగడుపున ఒక మాత్ర. కాఫీ అయినా, టిఫిన్ అయినా గంట తర్వాతే. నెలనెలా పరీక్షకు రావాలి.”

“పొద్దున్నే లేపి నేనే మింగిస్తా. ఎవురడ్డమొస్తారో సూస్తా!”

లత అక్క భుజానికి ఆనుకుని, పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వింది.

బయట నర్సు నాగరత్నమ్మ చీటీ రాస్తోంది. “పేరు?”

“లత.”

“మొగుడి పేరు?”

లత చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. “మా పక్క చెప్పకూడదమ్మా.”

“ఓయమ్మా! ఈ కాలంలో గూడానా? పేరు జెప్తే నోరు అరిగిపోతాదా?” అని నవ్వి, నర్సు ఆదిలక్ష్మి వైపు తిరిగింది. “నువ్వు చెప్పుమా, చెల్లెలి మొగుడే గదా.”

ఆదిలక్ష్మి కూడా తల వంచుకుంది.

“నీకేమడ్డమొచ్చింది తల్లీ?”

“నేనూ చెప్పకూడదమ్మా. ఆయనకు పెద్దపెండ్లాన్ని నేనే.”