ఈజీ లెవెల్

మా ఆయన సొంతంగా ఒక వీడియో గేమ్ తయారు చేస్తున్నాడు. చుక్కల చుక్కల బొమ్మలు, పాత ఫోన్ల కూతలు. కబుర్లు చెప్పి అమ్మాయిని మెప్పిస్తే గెలిచినట్టు. అబ్బాయి మాటలు తనే రాసుకుని, అమ్మాయి జవాబులు నన్ను రాయమన్నాడు.

"నీ గుండెలో నా ఫ్లాపీకి చోటుందా?" అంటాడు అబ్బాయి.

"ముందు వైరస్ లేదని తేల్చు," అని రాశాను.

ఆడి చూశాడు, ఓడిపోయాడు, మొహం ముడుచుకున్నాడు. "మరీ పెడసరంగా ఉందోయ్. కొంచెం తగ్గించు."

వెక్కిరింపు తీసేసి నవ్వు పెట్టాను. మళ్ళీ ఓడాడు.

"ఈ పిల్లకి ఇన్ని ఇష్టాలేంటి? గుర్తుపెట్టుకోలేక చస్తున్నా." ఇష్టాలు తీసేశాను.

"అలిగినప్పుడల్లా ఆట ఆగిపోతోంది." అలక కూడా తీసేశాను.

చివరికి ఏ బటన్ నొక్కినా ఆ అమ్మాయి "మీ ఇష్టం" అంది. తెర నిండా ఎర్ర గుండెలు ఎగిరాయి. ఆయన కుర్చీలోంచి లేచి గంతేశాడు. నేను గిన్నెలు కడగడానికి లేచాను.

కాసేపటికి వంటింటి గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు.

"గెలుస్తున్నా గానీ బొత్తిగా సరదా లేదు. మొదట్లో ఎంత చలాకీగా ఉండేది! అచ్చం పెళ్ళికి ముందు నువ్వున్నట్టే. మళ్ళీ అలాగే రాసెయ్యకూడదూ?"

కొళాయి కట్టేశాను. అప్పట్లో ఆ పిల్ల ఎలా మాట్లాడేదో గుర్తుతెచ్చుకోబోయాను. ఒక్క మాటే వచ్చింది.

"మీ ఇష్టం," అన్నాను.