లెక్క రాని పక్షి

ఇద్దరు లోపలికి వెళ్ళాలి. ఒక్కరే బయటికి రావాలి. గూటి దగ్గర కొంగను ఫొటో తీయడానికి అక్కాచెల్లెళ్ళకు తెలిసిన కిటుకు అదొక్కటే.

నలభై ఏళ్ళుగా ఇద్దరిదీ ఇదే పని. తెల్లవారగానే నీటి ఒడ్డున గుడారంలో దూరతారు. కాసేపటికి చెల్లెలు ఒక్కతే బయటికొచ్చి, గట్టిగా మాట్లాడుకుంటూ, చేతులూపుకుంటూ వెళ్ళిపోతుంది. పైన చక్కర్లు కొడుతున్న కొంగ అది చూసి, హమ్మయ్య, గుడారం ఖాళీ అయిందనుకుని గూటికి దిగుతుంది. లోపల అక్క కెమెరాతో సిద్ధంగా ఉంటుంది.

"పక్షికి లెక్క రాదే!" అంటుంది అక్క. ఈ మాట ఆవిడ ఇప్పటికి లక్షసార్లు అని ఉంటుంది. ఇవాళ కారెక్కినప్పట్నుంచీ మూడుసార్లు అంది.

ఊళ్ళో అందరికీ ఆవిడ కొంగలక్క. పుస్తకాల అట్టల మీదా, క్యాలెండర్ల మీదా ఆవిడ తీసిన కొంగలే. చెల్లెలిది బట్టలు కుట్టే కొట్టు. నాచురంగు గుడ్డతో, లెన్సు పట్టేలా చిల్లు పెట్టి ఆ గుడారం కుట్టింది ఈవిడే. ఏ అట్ట మీదా ఈవిడ పేరుండదు. వెళ్ళిపోయే మనిషి పేరు ఎవరు వేస్తారు?

క్రితం నెల వరకు అంతా బాగానే నడిచింది. ఆ రోజు చెల్లెలు వెళ్ళి పావుగంట కూడా కాలేదు. అక్క గుడారంలోంచి బయటపడి, కొంగ వెనకాలే నీళ్ళలోకి నడిచిపోయింది. పడవవాడు చూసేసరికి పీకలోతు నీళ్ళలో, కెమెరా నెత్తిన పెట్టుకుని నిలబడి ఉంది. "మా చెల్లి ఇంకా రాలేదేమిటి?" అని అతన్నే అడిగిందట.

"ఫొటోల పిచ్చి ముదిరింది" అని నవ్వారు అందరూ. చెల్లెలు నవ్వలేదు. అక్క తడి బట్టలు పిండుతూ కళ్ళనీళ్ళు కుక్కుకుంది.

ఆ రోజే గుడారం మడిచి అటక ఎక్కించేసింది. ఇక గుడ్డ గోడలు పనికిరావు. తలుపున్న గది కావాలి. నీళ్ళు కనబడాలి, అక్క మాత్రం నీళ్ళ దాకా వెళ్ళకూడదు. కొట్టు మూసుకుని మూడు వారాలు కాళ్ళరిగేలా తిరిగింది. నాలుగు చోట్ల చూస్తే, కిటికీలోంచి చెరువు కనబడే గది ఒక్కటే దొరికింది.

ఇవాళ ఆ గది చూసి అక్క మొహం చిట్లించింది.

"ఇదేం గదే! ఈ ఫినాయిలు కంపుకు కొంగలకు జలుబు చేస్తుంది."

"ముందు కిటికీలోంచి చూడు."

అక్క చూసింది. చెరువు నిండా నీళ్ళు. గట్టున ఎండిన చెట్టు మీద నాలుగు గూళ్ళు. వీళ్ళ అలికిడికి లేచిన బూడిద కొంగ ఒకటి పైన తిరుగుతోంది. అక్క కళ్ళు మెరిశాయి. అంతలోనే గొణిగింది.

"ఊచలు అడ్డం కదే."

"మధ్యలోంచి లెన్సు పడుతుంది. టేపు పెట్టి కొలిచాను."

"దర్జీ బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు!"

చెల్లెలు కెమెరాను స్టాండుకు బిగించింది. అక్క లెన్సు మూత తీయడం మర్చిపోతే తానే తీసింది. సంచీలోంచి స్వెట్టరు, మాత్రలు, నీళ్ళ సీసా తీసి బల్ల మీద వరసగా పెట్టింది. ఇంక సర్దడానికి ఏమీ లేదు. అయినా సీసాను అటూ ఇటూ జరుపుతూ నిలబడింది.

ఆ గదుల బాగోగులు చూసే పెద్దావిడ తలుపు దగ్గర్నుంచి మెల్లగా అంది.

"వెళ్ళాలంటే గబుక్కున వెళ్ళిపోండమ్మా. మీరిలా తచ్చాడుతుంటే ఆవిడ కుదురుగా కూర్చోరు."

"విన్నావా? ఈవిడకు పని తెలుసు" అని మెచ్చుకుంది అక్క.

చెల్లెలు సీసాను ఇంకోసారి జరిపింది. నలభై ఏళ్ళలో ఎన్ని వేలసార్లు అక్కను ఇలా కూర్చోబెట్టి వెళ్ళిందో లెక్కలేదు. ఒక్కసారి కూడా వెనకాడలేదు. ఇవాళ ఏం చేయాలో పాలుపోవడం లేదు.

"బయటికి రావుగా అక్కా?"

"కొంగ దిగేదాకా కదిలితే ఒట్టు."

"దిగినా రాకూడదు."

"నువ్వొచ్చి తీసుకెళ్ళేదాకా రాను. సరేనా?" అక్క కన్ను కెమెరాకు ఆనించే ఉంది. "చీకటి పడేలోగా వస్తావుగా?"

"ఊఁ."

"అయితే పో. గట్టిగా మాట్లాడుతూ పో. వెనక్కి మాత్రం తిరక్కు. పక్షికి లెక్క రాదు గానీ, మొహం చూస్తే ఇట్టే కనిపెట్టేస్తుంది."

చెల్లెలు బయటికి నడిచింది. గులకరాళ్ళ దారిలో చేతులూపుకుంటూ, పక్కన లేని మనిషితో ఎప్పటిలాగే గట్టిగా మాట్లాడింది.

"కొట్లో గుండీలు అయిపోయాయి. నల్లదారం కొనాలి. రేపు..."

రేపు ఏం చేయాలో నోటికి రాలేదు. మళ్ళీ గుండీల దగ్గర్నుంచి మొదలుపెట్టింది. వెనక్కి చూడాలని ప్రాణం కొట్టుకుంటున్నా తిరగలేదు.

పైన కొంగ ఇంకో చుట్టు తిరిగింది. వెళ్ళిపోతున్న మనిషిని చూసి, నింపాదిగా గూటికి దిగింది.

గేటు దగ్గర కాపలావాడు పుస్తకం తెరిచి, మతిమరుపు జబ్బు ముదిరినవాళ్ళను ఉంచుకునే ఆ ఆశ్రమంలోకి ఆ పూట వచ్చినవాళ్ళు ఇద్దరు, తిరిగి వెళ్ళింది ఒక్కరు అని లెక్క రాసుకుని, ఆమె వెనకాల గేటుకు తాళం వేశాడు.