అభ్యంతరం ఎవరికి?

“ఆ మనిషి మళ్ళీ వచ్చాడమ్మాయ్. నీ గురించే అడిగాడు,” అంది ఇంటావిడ ఫూంగ్ ఆంటీ, తలుపు తీస్తూనే.

సుహైలా తడిసిన గొడుగు గుమ్మం బయటే వదిలేసింది. లాయరుగా చేర్చుకోమని ఆమె పెట్టుకున్న దరఖాస్తు మర్నాడే తైపింగ్ హైకోర్టులో విచారణకు వస్తోంది. ఎవరికైనా అభ్యంతరం ఉంటే లేచి చెప్పొచ్చు. ఒక్కడు గట్టిగా అడ్డం పడితే చాలు, ఇన్నేళ్ళ చదువూ గాలిలో వేలాడుతుంది.

“ఏమడిగాడు ఆంటీ?”

“అబద్ధాలాడుతుందా అన్నాడు. మాటిస్తే నిలబడుతుందా అన్నాడు. పెద్దవాళ్ళంటే జడుస్తుందా అన్నాడు. సంబంధం చూడ్డానికొచ్చావా ఏమిటయ్యా, అరవై దాటినట్టున్నావే అన్నాను. నవ్వితే ఒట్టు!”

“మీరేం చెప్పారు?”

“బల్లికి తప్ప దేనికీ జడవదని చెప్పా.”

సుహైలాకు నవ్వు రాలేదు. కిందటి వారం అదే మనిషి కాలేజీకి వెళ్ళి ఆమెకు పాఠాలు చెప్పిన మేడమ్‌ను కలిశాడట. అంతకుముందు కోర్టు ఎదుటి కాఫీ కొట్టులో వాకబు చేశాడట. నెత్తిన పాత నల్లటోపీ, చేతిలో ప్లాస్టిక్ సంచీ. ఎవరు పంపారు ఇతన్ని? ఏం కావాలి?

వెంటనే దాతుక్ బహరిన్‌కు ఫోన్ చేసింది. ఆమె పని నేర్చుకున్నది ఆయన దగ్గరే. రేపు కోర్టులో ఆమె తరఫున మాట్లాడేదీ ఆయనే. దాతుక్ అన్న బిరుదున్న ఆయన కనపడితే ఊళ్ళో లాయర్లంతా లేచి నిలబడతారు.

మనిషి ఆనవాళ్ళు ఆయన రెండోసారి చెప్పించుకున్నాడు.

“సుహైలా, నా దగ్గర ఏమైనా దాచావా?” అన్నాడు చివరికి.

“లేదు దాతుక్.”

“పోలీసుల గొడవ?”

“కాలేజీలో ఉన్నప్పుడు... ఓ ఊరేగింపులో మమ్మల్నందర్నీ స్టేషనుకు తీసుకెళ్ళారు. సాయంత్రానికి వదిలేశారు. కేసేమీ పెట్టలేదు.”

“అదీ సంగతి! వాడికదే చాలు. ఆ మనిషి ఎదురుపడితే మాట్లాడకు. మొహం కూడా చూడకు. నేను చూసుకుంటా.”

ఆ రాత్రి సుహైలాకు తెలిసినవాళ్ళంతా ఒక్కొక్కరే శత్రువుల్లా కనిపించారు. ఊరేగింపు సంగతి తెలిసింది స్నేహితులకే. వాళ్ళలోనే ఎవరో చెప్పి ఉండాలి. తనతో గది పంచుకున్న హస్నా? మార్కుల దగ్గర పోటీపడ్డ వెయ్ జియే? పొద్దున నాసి లెమాక్ కొబ్బరన్నం పొట్లం విప్పిందే కానీ ముద్ద మింగుడు పడలేదు.

కోర్టు హాల్లోకి అడుగు పెడుతూనే చూసింది. ఆఖరి బల్ల చివర, పాత నల్లటోపీ, ప్లాస్టిక్ సంచీ ఒళ్ళో పెట్టుకుని, ఆ మనిషి కూర్చుని ఉన్నాడు. దాతుక్ కూడా చూశాడు. కాగితం లేకుండా ఎంతసేపైనా మాట్లాడగల ఆయన, ఆ పూట సుహైలా తండ్రి పేరు రెండుసార్లు తప్పు చెప్పాడు. నా కోసం ఎంత కంగారు పడుతున్నాడో అనుకుని ఆమె కళ్ళు చెమర్చాయి.

బార్ తరఫున వచ్చినాయన లేచి తమకు అభ్యంతరం లేదన్నాడు. ప్రభుత్వం తరఫు లాయరూ లేదన్నది.

“ఇంకెవరికైనా?” అడిగాడు జడ్జి, వెనక్కి చూస్తూ.

ఆఖరి బల్ల కిర్రుమంది. ఆ మనిషి లేచి నిలబడ్డాడు.

దాతుక్ చేతిలోని కాగితాలు జారి కింద పడ్డాయి.

“ఏమిటి మీ అభ్యంతరం?” అన్నాడు జడ్జి.

“ఏమీ లేదండయ్యా. ముందున్నవాళ్ళు అడ్డమై అమ్మాయి కనపడ్డం లేదు. అందుకని లేచా.”

హాలంతా గొల్లుమంది. జడ్జి కూడా నవ్వుతూనే దరఖాస్తు మంజూరు చేశాడు. సుహైలాకు నల్ల గౌను తొడిగారు. ఆమె ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది.

బయట మెట్ల మీద ఫోటోలు తీసుకుంటుండగా ఆ మనిషి జనాన్ని తప్పించుకుంటూ అటే వచ్చాడు. దాతుక్ చప్పున సుహైలా మోచెయ్యి పట్టుకున్నాడు.

“పద, కారెక్కు.”

“అంతా అయిపోయింది కదా దాతుక్, ఇంకేం చేస్తాడు?”

“చెబితే వినవేం? పద!”

ఆమె కదల్లేదు. ఇన్నాళ్ళ భయమంతా ఒక్కసారిగా కోపమై పైకి తన్నుకొచ్చింది.

“పాక్‌చిక్!” అంది. పెద్దాయన కాబట్టి బాబాయ్ అని మర్యాదగానే పిలిచింది కానీ గొంతు మాత్రం గట్టిగానే ఉంది. “దొంగల గురించి వాకబు చేసినట్టు నా వెనకపడ్డారెందుకు? నేను లాయరు కావడం మీకిష్టం లేదా?”

“ఎంత మాటమ్మా! నువ్వు లాయరువి కావాలని నమాజు చేసినప్పుడల్లా వేడుకున్నానే.”

“నా కోసమా?”

“నా చెల్లెలి కోసం. దాని దురియన్ పళ్ళ తోటని ఓ పెద్దమనిషి తన పేర రాయించేసుకున్నాడు. వేలిముద్ర వేయించుకున్న రోజు అది ఆసుపత్రిలో ఒళ్ళు తెలీకుండా పడుంది. ఈ ఊళ్ళో నేనెక్కని లాయరు గుమ్మం లేదు. కథంతా విని అయ్యో పాపం అంటారు. వాడి పేరు చెప్పగానే తలుపు చూపిస్తారు. కొత్తగా వచ్చేవాళ్ళలోనైనా జడవని మనిషి దొరక్కపోతుందా అని...”

సుహైలా వీపు నిటారైంది. గౌను తొడుక్కుని పావుగంటైనా కాలేదు, తొలి కేసు నడిచొచ్చింది!

“నేను జడవను పాక్‌చిక్. ఎవరా పెద్దమనిషి? చెప్పండి.”

ముసలాయన పేరు చెప్పలేదు. ఆమె మోచేతిని ఇంకా బిగించి పట్టుకునే ఉన్న చేతికేసి, ఆ ఊరి మర్యాద తప్పకుండా, బొటనవేలితో చూపించాడు.